అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోని యాంటీవైరస్: ఏది తీయాలి, ఏది ముట్టుకోకూడదు

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్నాను. ఇంట్లో విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంది. కొన్నప్పుడు దాంతోపాటే ఒక యాంటీవైరస్ ట్రయల్ వచ్చింది. గడువు అయిపోయాక డబ్బు కట్టమని రోజూ మెసేజ్‌లు వస్తుంటే, హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఫోన్లో చెబుతుండగా అన్‌ఇన్‌స్టాల్ చేశాను. అయినా అది పూర్తిగా పోలేదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా 'రన్ డీఎల్ఎల్' అని చిన్న బాక్స్ వచ్చి ఏదో ఫైల్ దొరకలేదంటోంది. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే ఇంకా ఆ పాత యాంటీవైరస్ పేరే చూపిస్తోంది. కింద కుడి మూలన 'మీ రక్షణ గడువు ముగిసింది' అనే మెసేజ్‌లు ఆగలేదు. దాని పేరుతో వెతికితే సి డ్రైవ్‌లో ఫోల్డర్లు, రిజిస్ట్రీలో బోలెడు ఎంట్రీలు కనిపించాయి. తెలుగులో టైప్ చేయడానికి వాడిన పాత అను స్క్రిప్ట్ మేనేజర్‌ను కూడా తీసేశాను, ఫాంట్లు మాత్రం అలాగే ఉన్నాయి. వాటినీ తీసేయాలా? షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలన్నారు. తెలిసినాయన ఒకరు రిజిస్ట్రీ క్లీనర్ కొనమన్నారు. నా పాత వ్యాసాలన్నీ ఇందులోనే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, ఫార్మాట్ వద్దు. క్లీనర్ అసలే వద్దు. మీరు రాసినవాటిలో ఈ రోజే చూడాల్సింది ఒక్కటుంది, అది విండోస్ సెక్యూరిటీ సంగతి. తక్కినవి నిదానంగా చేసుకోవచ్చు. కొన్నింటిని అసలు పట్టించుకోకపోయినా నష్టం లేదు. అను ఫాంట్ల జోలికి మాత్రం ఈ జవాబు చివరిదాకా చదివేవరకు వెళ్ళకండి.

సాఫ్ట్‌వేర్ తీసేశాక మిగిలేవన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని ఇంకా నడుస్తుంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే మొదలయ్యే సర్వీసులు, టైము ప్రకారం లేచే టాస్కులు, విండోస్ లోపల లోతుగా పనిచేసే డ్రైవర్లు, బ్రౌజర్‌కు తగిలించిన చిన్న ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్లు ఈ రకం. కొన్ని ఊరికే పడి ఉంటాయి. పాత ఫోల్డర్లు, విండోస్ తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిన పేర్లు అలాంటివి. ఇంకొన్ని నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌వి కావు, మీవి. మీరు రాసుకున్న ఫైళ్ళు, మీరు పెట్టుకున్న సెట్టింగులు, ఆ ఫైళ్ళు చదవడానికి కావలసిన ఫాంట్లు. నడిచేవాటిని వెతికి తీయాలి. పడి ఉన్నవాటిని వదిలేయొచ్చు. మీవి జాగ్రత్త చేసుకోవాలి. ఫార్మాట్‌కు గానీ క్లీనర్‌కు గానీ ఈ తేడా తెలియదు. అందుకే వద్దంటున్నాను.

అసలు ఎందుకు మిగులుతాయో రెండు ముక్కల్లో చెబుతాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడే ఏ ఫైల్ ఎక్కడ పెట్టిందో ఒక జాబితా రాసిపెట్టుకుంటుంది. తీసేసేటప్పుడు ఆ జాబితా చూసుకుని తీస్తుంది. ఆ తరువాత రోజూ వాడుతుండగా పుట్టిన లాగ్‌లు, సెట్టింగులు, అప్‌డేట్ ఫైళ్ళు ఆ జాబితాలో ఉండకపోవచ్చు. తీసే సమయంలో వాడుకలో ఉన్న ఫైల్ కదలదు, రీస్టార్ట్ చేస్తే గానీ పోదు. కొన్నింటిని కావాలనే ఉంచుతారు, మళ్ళీ ఎక్కిస్తే పాత సెట్టింగులు దొరకాలని. ట్రయల్ వాడేశారనే గుర్తును కూడా కొన్ని కంపెనీలు వదిలి వెళ్తాయి, మళ్ళీ ఎక్కించి ఇంకో నెల ఉచితంగా వాడకుండా. యాంటీవైరస్ అయితే ఇంకొంచెం మొండి. వైరస్‌లు తనను తీసేయకుండా తన ఫైళ్ళకు తానే కాపలా కాసుకునేలా దాన్ని తయారుచేస్తారు. మనం తీసేటప్పుడు ఆ కాపలాయే అడ్డు వస్తుంది. మీరు చేసిన పనిలో తప్పేమీ లేదు.

మిగిలినదాని సైజు చూసి భయపడటమో, ధైర్యపడటమో చేయకూడదు. 2019 జూలైలో మ్యాక్ కంప్యూటర్లలో జూమ్ సంగతి బయటికొచ్చింది. జూమ్‌ను తీసేసినా అది పెట్టిన ఒక చిన్న వెబ్ సర్వర్ వెనకాల నడుస్తూనే ఉండేది. తరువాత ఎప్పుడైనా జూమ్ మీటింగ్ లింకు ఉన్న పేజీ తెరిస్తే, మనల్ని అడగకుండానే జూమ్‌ను మళ్ళీ ఎక్కించేసేది. గోల జరిగాక జూమ్ దాన్ని తీసేసింది, ఆపిల్ కూడా మ్యాక్‌లకు అప్‌డేట్ పంపి తొలగించింది. అంతకు ముందు, 2015 ఫిబ్రవరిలో లెనోవో వంతు వచ్చింది. ఆ కంపెనీ అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా, అది విండోస్‌లో పెట్టిన రూట్ సర్టిఫికెట్, అంటే ఏ సైటును నమ్మాలో బ్రౌజర్‌కు చెప్పే పత్రం, మాత్రం ఉండిపోయేది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఆ పత్రానికి ఒకే రహస్య కీ వాడటంతో, ఆ కీ తెలిసినవాడు నకిలీ బ్యాంకు సైటును అసలుదని మన బ్రౌజర్‌ను నమ్మించగలడు. చివరికి లెనోవో దాన్ని తీయడానికి విడిగా టూల్ ఇవ్వాల్సి వచ్చింది, విండోస్ డిఫెండర్ కూడా దాన్ని తొలగించడం మొదలుపెట్టింది. ఈ రెండూ డిస్క్‌లో ఆక్రమించిన జాగా ఏమంత కాదు. చేయగలిగిన చెడు మాత్రం పెద్దది. అదే సమయంలో ఒక ఆట వదిలివెళ్ళిన రెండు జీబీల ఫోల్డర్ ఏళ్ళ తరబడి పడి ఉన్నా జాగా తినడం తప్ప ఇంకేం చేయదు.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఏదైనా ముట్టుకునే ముందు మీ వ్యాసాలున్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇది మీరే చేసుకోగలరు. తరువాత స్టార్ట్ నొక్కి, వెతికే చోట ఇంగ్లిష్‌లో 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని టైప్ చేసి తెరవండి. సి డ్రైవ్ ఎదురుగా 'ఆఫ్' అని ఉంటే కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేయండి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది. తరువాత క్రియేట్ నొక్కి, ఇవాళ్టి తేదీ పేరుగా పెట్టండి. ఏదైనా తేడా వస్తే విండోస్‌ను ఈ స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు. మీ ఫైళ్ళను కాపాడేది మాత్రం ఇది కాదు, పెన్‌డ్రైవ్ కాపీయే. అందుకే అది ముందు చెప్పాను.

అత్యవసరమైనది ఇదీ. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళదే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగా ఉంటుంది. వేరే కంపెనీ యాంటీవైరస్ వచ్చి 'ఇక్కడ నేనున్నాను' అని విండోస్ సెక్యూరిటీలో పేరు నమోదు చేసుకుంటే, డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. రెండూ ఒకే ఫైల్ కోసం కొట్లాడుకోకుండా ఈ ఏర్పాటు. ఆ యాంటీవైరస్ పోయేటప్పుడు తన పేరు కొట్టేయించుకుని పోవాలి. మీ దగ్గర అది జరిగినట్టు లేదు. మనిషి లేడు, పేరుంది. ఆ పేరు చూసి డిఫెండర్ కదలకుండా కూర్చుంటే, మీ ల్యాప్‌టాప్‌కు కాపలా ఎవరూ లేరన్నమాట. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఎడమ పక్కన కింద ఉన్న సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, 'మేనేజ్ ప్రొవైడర్స్' నొక్కండి. యాంటీవైరస్ అనే శీర్షిక కింద ఎవరెవరి పేర్లున్నాయో, ఏది ఆన్‌లో ఉందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

దీన్ని చేత్తో సరిచేయబోకండి. యాంటీవైరస్ కంపెనీలకు ఈ సమస్య బాగా తెలుసు, అందుకే అవశేషాలు తుడిచే టూల్స్ వాళ్ళే ఉచితంగా ఇస్తారు. మెకాఫీకి ఎంసీపీఆర్ అని ఉంది. నార్టన్‌కు రిమూవ్ అండ్ రీఇన్‌స్టాల్ టూల్, కాస్పర్‌స్కీకి కేఏవీ రిమూవర్ ఉన్నాయి. అవాస్ట్, ఈసెట్‌లకు కూడా విడి టూల్స్ ఉన్నాయి, అవి సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే తెరుచుకునే పద్ధతిలో, నడపాల్సినవి. మీది ఏ కంపెనీదో ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. గూగుల్‌లో వెతికితే అన్నిటికంటే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. ఇలాంటి టూల్స్ పేరుతోనే నకిలీలు పెట్టి మనుషులను వలలో వేసుకునేవాళ్ళున్నారు. కంపెనీ అడ్రస్ మీరే బ్రౌజర్‌లో టైప్ చేసి, వాళ్ళ సపోర్ట్ పేజీలో వెతకడం మంచిది.

సేఫ్ మోడ్ కావాలంటే షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కాలి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ వరుసగా ఎంచుకుని, మళ్ళీ జాబితా వచ్చినప్పుడు 4 నొక్కాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉండవచ్చు, అలాంటప్పుడు ఈ దారిలో వెళ్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. విండోస్‌లోకి ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో ఆ అకౌంట్‌లో సాధారణంగా ఆ కీ దాచి ఉంటుంది. ముందే మీ అమ్మాయి సాయంతో అది కాగితం మీద రాసిపెట్టుకున్నాకే సేఫ్ మోడ్‌కు వెళ్ళండి. కీ లేకుండా ఆ తెర ముందు ఇరుక్కుపోతే అప్పుడు నిజంగానే షాపుకు వెళ్ళాల్సి వస్తుంది.

టూల్ పని అయ్యాక రీస్టార్ట్ చేసి, మేనేజ్ ప్రొవైడర్స్‌లో మళ్ళీ చూడండి. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆన్‌లో ఉన్నట్టు కనిపించాలి. ఇంకా పాత పేరే ఉంటే వింతగా అనిపించే ఉపాయం ఒకటి చాలాసార్లు పనిచేస్తుంది. అదే యాంటీవైరస్‌ను కంపెనీ సైట్ నుంచి తెచ్చి మళ్ళీ ఎక్కించండి, రీస్టార్ట్ చేయండి, అప్పుడు పద్ధతి ప్రకారం అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆ పైన టూల్ నడపండి. మొదటిసారి సగంలో చెడిన జాబితా రెండోసారి ఎక్కించినప్పుడు పూర్తిగా తయారవుతుంది కాబట్టి, ఈసారి శుభ్రంగా పోతుంది.

ఇక రోజూ వచ్చే బాక్స్. అది ప్రమాదం కాదు, విసుగు మాత్రమే. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఉన్న ఫైల్. 'ఈ డీఎల్ఎల్ ఫైల్‌ను తెరువు' అని స్టార్టప్‌లోనో, టాస్క్ షెడ్యూలర్‌లోనో ఒక ఆజ్ఞ మిగిలిపోయింది. ఫైల్ పోయింది. విండోస్ రోజూ ఆ ఆజ్ఞ పాటించబోయి, ఫైల్ లేదని మీకు చెబుతోంది. కంపెనీ టూల్‌తో ఇది కూడా పోయే అవకాశముంది, అందుకే అది ముందు చేయమన్నాను. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ యాప్స్‌లో చూడండి. యజమాని పోయిన ఎంట్రీలు అక్కడ తరచు బొమ్మ లేకుండా, ఉత్త 'ప్రోగ్రామ్' అనే పేరుతో కనిపిస్తుంటాయి. అలాంటిదాన్ని డిసేబుల్ చేయండి.

అక్కడ కనిపించకపోతే ఆటోరన్స్ వాడండి. ఇది సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ ఉచిత టూల్. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుక్కుంది కాబట్టి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది. ఎక్కించాల్సిన పని కూడా లేదు, జిప్ విప్పి, కుడి క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అంటే చాలు. తెరవగానే వందల వరసలు కనిపించి కంగారు పుడుతుంది. ముందు ఆప్షన్స్ మెనూలో 'హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్'కు టిక్ పెట్టండి, జాబితా చాలావరకు తగ్గిపోతుంది. మిగిలినవాటిలో పసుపు రంగు వరసలు చూడండి. పసుపు అంటే 'ఈ ఆజ్ఞ ఉంది, కానీ అది పిలిచే ఫైల్ దొరకలేదు' అని. ఆ వరసలో కుడివైపు ఫైల్ ఉండాల్సిన చోటు రాసి ఉంటుంది. అక్కడ మీ పాత యాంటీవైరస్ పేరుంటే, ఎడమ చివరనున్న టిక్ తీసేయండి. డిలీట్ చేయకండి, టిక్ తీయడం చాలు. ఏదైనా తేడా వస్తే మళ్ళీ టిక్ పెట్టుకోవచ్చు. పసుపు కనిపించిన ప్రతిదీ చెత్త అనుకోవడానికి లేదు, సవ్యంగా ఉన్న విండోస్‌లోనూ ఒకటి రెండు పసుపు వరసలుంటాయి. మీరు తీసేసిన సాఫ్ట్‌వేర్ పేరు కనిపిస్తేనే చేయి పెట్టండి.

ఆటోరన్స్‌లో డ్రైవర్స్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో పాత పేరు కనిపించినా చేత్తో తీయకండి. యాంటీవైరస్ డ్రైవర్లు డిస్క్‌కూ నెట్‌కూ మధ్యలో కూర్చుని పనిచేస్తాయి. వాటిని లెక్కప్రకారం విడదీయకుండా ఒక్క ముక్క పీకేస్తే నెట్ ఆగిపోవచ్చు, విండోస్ తెరుచుకోకపోనూ వచ్చు. ఆ పని కంపెనీ టూల్‌కే వదిలేయండి.

మెసేజ్‌ల దగ్గర నాకు వేరే అనుమానం ఉంది. తీసేసిన యాంటీవైరస్ అన్ని మెసేజ్‌లు పంపడం అరుదు. చాలామటుకు అవి బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఎప్పుడో ఏదో సైట్ చూస్తుండగా 'అలౌ' అని అడిగితే నొక్కి ఉంటాం. ఆ సైట్ అప్పటినుంచి యాంటీవైరస్ కంపెనీ గుర్తు వేసుకుని, ఎర్ర అక్షరాలతో గడువు ముగిసిందని భయపెడుతుంటుంది. ఈసారి మెసేజ్ వచ్చినప్పుడు పెద్ద అక్షరాలు చదవకండి. వాటికి పైనో కిందో సన్నటి అక్షరాల్లో క్రోమ్ అనో ఎడ్జ్ అనో ఉండి, పక్కన ఒక వెబ్‌సైట్ అడ్రస్ ఉందేమో చూడండి. ఉంటే అది యాంటీవైరస్ పంపింది కాదు. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్ళండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. ఎడ్జ్‌లో కూడా సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ అని వెతికితే ఇదే జాబితా వస్తుంది. పనిలో పనిగా ఎక్స్‌టెన్షన్ల పేజీ కూడా చూడండి. యాంటీవైరస్‌లు బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టడం మామూలే, అసలుది పోయినా అది ఉండిపోవచ్చు.

ఆ మెసేజ్‌లో ఫోన్ నంబరు ఉంటే మాత్రం, దయచేసి దానికి ఫోన్ చేయకండి. 'మేము బాగుచేస్తాం, ఎనీడెస్క్ ఎక్కించండి' అంటారు. ఎనీడెస్క్ తనంతట తాను చెడ్డది కాదు, మీ అమ్మాయి హైదరాబాదు నుంచి మీ తెర చూడాలన్నా అలాంటిదే వాడాలి. కానీ దాన్ని మోసగాళ్ళు ఎంతగా వాడారంటే, 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఆ పేరు చెప్పి బ్యాంకులను హెచ్చరించింది. ఎప్పుడైనా రిపేరు కోసం ఎవరైనా అలాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ మీ ల్యాప్‌టాప్‌లో పెట్టి ఉంటే, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చూసి తీసేయండి. పని అయ్యాక మిగిలిపోయినవాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టేది ఇదే. ఒకవేళ ఇప్పటికే ఎవరికైనా ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ.

ఫోల్డర్ల సంగతి తేలిక. ఇవి సాధారణంగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, ప్రోగ్రామ్‌డేటాలో, మీ పేరు కింద ఉండే యాప్‌డేటాలో ఉంటాయి. చివరి రెండూ దాగి ఉంటాయి కాబట్టి మామూలుగా కనిపించవు. కంపెనీ టూల్ నడిపి, రీస్టార్ట్ చేశాక కూడా ఉంటే, వెంటనే తీసేయకుండా పేరు చివర 'పాత' అని చేర్చి ఓ వారం వదిలేయండి. ఏ ఇబ్బందీ రాకపోతే డిలీట్ చేసుకోండి. పేరు మార్చనివ్వకుండా 'వాడుకలో ఉంది' అంటే అదొక మంచి సూచన. దాన్ని వాడుతున్నది ఇంకా ఏదో నడుస్తోందన్నమాట, వెనక్కి వెళ్ళి ఆటోరన్స్‌లో సర్వీసెస్ ట్యాబ్ చూడండి. బలవంతంగా డిలీట్ చేసే టూల్స్ జోలికి వెళ్ళకండి.

సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అని ఒకటి ఉంటుంది, కొన్నిసార్లు చాలా జీబీలు ఉంటుంది. చూడటానికి అక్కర్లేని చెత్తలాగే ఉంటుంది. దాన్ని ఖాళీ చేస్తే ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లను రేపు అప్‌డేట్ చేయలేరు, తీసేయనూ లేరు. అలాగే ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో 'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్' అని 2010, 2013, ఇంకా తరువాతి ఏళ్ళ పేర్లతో చాలా కనిపిస్తాయి. ఒకటే చాలుగా అని పాతవి తీసేసేవాళ్ళను చూస్తుంటాను. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో ఏడాదిది కావాలి. ఉండనివ్వండి.

ఇప్పుడు రిజిస్ట్రీ, మీకు క్లీనర్ అమ్మజూపిన చోటు. అది విండోస్ తన లెక్కలన్నీ రాసుకునే పుస్తకం. పేరు మార్పించని పాత అడంగల్‌లో ఎప్పుడో పొలం అమ్మేసినవాడి పేరు ఉండిపోయినట్టు, అక్కడ పాత పేర్లుంటాయి. పేరున్నంత మాత్రాన అతను వచ్చి దున్నుతున్నాడని కాదు. విండోస్ తనకు కావలసిన ఎంట్రీ దగ్గరికి నేరుగా దాని దారి పట్టుకుని వెళ్తుంది, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవదు. అందుకే లక్షల ఎంట్రీల మధ్య ఓ రెండు మూడు వందలు పాతవి ఉన్నా కంప్యూటర్ నెమ్మదించదు, తీసేసినా వేగం పెరగదు. రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించబోమని, వాటివల్ల విండోస్ మళ్ళీ ఎక్కించాల్సిన పరిస్థితి రావచ్చని మైక్రోసాఫ్ట్ చాలాకాలంగా చెబుతూనే ఉంది.

క్లీనర్ అంటే నమ్మకమైన పేరున్నదే వాడతాం కదా అనుకోవచ్చు. 2017 ఆగస్టులో సీసీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దొంగలు చొరబడి తమ కోడ్ కలిపేశారు. కంపెనీ సొంత సర్వర్ నుంచి, కంపెనీ సంతకంతోనే అది జనానికి చేరింది. సెప్టెంబరులో బయటపడేసరికి 22 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి వెళ్ళిపోయింది. తరువాత సరిచేశారు, ఇది పాత కథే. కానీ కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇచ్చే ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌ను, అవసరం లేని పని కోసం, డబ్బిచ్చి మరీ తెచ్చుకోవడం ఎందుకు? రిజిస్ట్రీలో ఒక్క చోట మాత్రం మిగిలితే చికాకు ఉంటుంది. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో పేరు ఇంకా కనిపిస్తూ, అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఎర్రర్ రావడం. దానికి మైక్రోసాఫ్ట్ సైట్‌లో 'ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్' అని ఉచితంగా ఉంది, అది వాడండి.

చివరికి అను ఫాంట్లు. మాస్టారూ, మీ ఉత్తరంలో నన్ను గట్టిగా ఆపినది ఈ వాక్యమే. ప్రతి భాషలోని అక్షరానికీ దాని సొంత సంకేతం ఉండే పద్ధతిని యూనికోడ్ అంటారు. అను ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు. మీరు తెరమీద 'అ' చూస్తున్నా, ఫైల్ లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరమో, మరేదో గుర్తో. దానికి 'అ' బొమ్మ తొడిగేది ఆ ఫాంటే. ఫాంట్ తీసేస్తే మీ వ్యాసం ఎక్కడికీ పోదు, కానీ తెరిచి చూస్తే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, విచిత్రమైన గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. ఒక్క ముక్క చదవలేరు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో కొట్టిన పుస్తకాలు, శుభలేఖలు, సావనీర్లు ఇలాగే ఫాంట్ల మీద ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఆ ఫాంట్లు మిగిలిపోవడం మీ అదృష్టం. అవి కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములు కావు, మీకు ఏ ఇబ్బందీ పెట్టవు. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో వాటిని ఎంచుకుని, కాపీ చేసి, వ్యాసాలున్న పెన్‌డ్రైవ్‌లోనే పక్కన పెట్టండి. ఫాంట్ లేని వ్యాసం, వ్యాసం లేని ఫాంట్, రెండూ విడివిడిగా పనికిరావు.

తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో వ్యాసాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా కలిసిపోతుంది కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా, మీ అమ్మాయి ఫోన్లోనైనా అలాగే కనిపిస్తుంది. అలా చేశాక అను ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి. మళ్ళీ దిద్దుకునేలా కావాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు, పొల్లులు, అంకెల దగ్గర అవి తడబడతాయి, కాబట్టి మార్చాక మీ కళ్ళతో ఒకసారి చదవక తప్పదు. తెలుగు మాస్టారు కాబట్టి ఆ పని మీకంటే బాగా చేసేవాళ్ళు ఎవరున్నారు? ఇకమీదట రాసేవాటికి అను మళ్ళీ ఎక్కించనక్కర్లేదు. విండోస్ 11లోనే తెలుగు కీబోర్డ్ ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగు చేర్చుకుని, కీబోర్డ్‌గా 'తెలుగు ఫొనెటిక్' ఎంచుకుంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెలుగులో అమ్మ వస్తుంది. నిర్మలా, గౌతమి ఫాంట్లు యూనికోడ్‌వే.

ముందు ఇవాళ డిఫెండర్ సంగతి చూసుకోండి. అంతా చేశాక కూడా ఆ రన్ డీఎల్ఎల్ బాక్స్ వస్తుంటే, మూసేయకుండా ఫోన్‌తో ఫొటో తీయండి. అందులో సి డ్రైవ్ అని మొదలయ్యే పొడుగాటి వరస అంతా కనిపించాలి, పిలుస్తున్నది ఎవరో చెప్పేది ఆ వరసే. దాంతోపాటు మేనేజ్ ప్రొవైడర్స్‌లో కనిపించిన పేర్లు కూడా రాసి పంపండి, ఎక్కడ తీయాలో చెబుతాను.